పసుపు పెట్టని కార్డు

నలభై ఏడేళ్ళ మనిషి భుజాన సంచీ తగిలించుకుని క్లాసుకు బయలుదేరితే చిక్కడపల్లి నవ్వదా మరి? నవ్వింది. టీకొట్టు దగ్గర నవ్వింది, జిరాక్స్ షాపు ముందర నవ్వింది, ఆఖరికి రాంనగర్‌లో కిరాయి ఇంట్లో భార్య పద్మ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. రాజేశం మాత్రం ఎవరినీ పట్టించుకోలేదు. వారానికి నాలుగు రోజులు, సాయంత్రం ఆరు కాగానే షాపులో కంప్యూటర్ ఆపి, నారాయణగూడలో ఒక డిజైన్ ఇన్‌స్టిట్యూట్ రెండో అంతస్తు మెట్లెక్కేవాడు. అక్కడున్న పద్దెనిమిది మందిలో అతని తర్వాత పెద్దవాడికి ఇరవై మూడేళ్ళు.

సరదాకి వెళ్ళలేదు లెండి, వెళ్ళక తప్పలేదు. చిక్కడపల్లి సందులో జగన్నాథరావు గారి పెళ్ళికార్డుల షాపు ఉంది. అందులో రాజేశం ఇరవై రెండేళ్ళుగా డీటీపీ ఆపరేటర్. కస్టమరు చిత్తుకాగితం మీద రాసిచ్చిన మ్యాటర్‌ను కంప్యూటర్‌లో కొట్టి, నెత్తిన వినాయకుడిని పెట్టి, చుట్టూ బోర్డరు తిప్పి, ప్రూఫు తీసి చేతిలో పెట్టడం అతని పని. ఒకప్పుడు మాఘమాసం వస్తే తిండి తినడానికి కూడా తీరేది కాదు. ఇప్పుడు సగం మంది ఫోన్లోనే పిలిచేస్తున్నారు. మిగతా సగం షాపుకొచ్చి, శాంపిళ్ళన్నీ తిరగేసి, పెదవి విరిచి వెళ్ళిపోతున్నారు.

ఒక రోజు జగన్నాథరావు పిలిచి కూర్చోబెట్టాడు. "రాజేశం, మన కార్డులన్నీ ఒక్కతీరుగ ఉంటున్నయంట. పిల్లలు చూస్తలేరు. నువ్వు కొత్త మోడల్స్ చేసినవా, మంచిదే. లేకుంటే ఈ సీజన్ అయినంక కంప్యూటర్ తీసేసి రెడీమేడ్ కార్డులు పెట్టుకుంట. మనసుల పెట్టుకోకు."

మనసులో పెట్టుకోకుండా ఇంకెక్కడ పెట్టుకుంటాడు? ఈ వయసులో ఈ పని పోతే ఇంకో పని చూపించే నాథుడు లేడు. అతనికి వచ్చిన సాఫ్ట్‌వేర్ పేరు చెబితే బయట ఎవరూ గుర్తుపట్టడం లేదు. కూతురు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. కొత్త మోడల్స్ అంటే ఏమిటో అతనికి నిజంగానే తెలియదు. తెలుసుకోవాలని వెళ్ళాడు, అంతే.

ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్పే అమ్మాయి పేరు భవ్య. అతని కూతురి కంటే ఆరేడేళ్ళు పెద్దదేమో. రెండో రోజు బోర్డు మీద ఒక పోస్టరు చూపించి, చూసేవాళ్ళ కన్ను ముందు దేని మీద పడాలి, తర్వాత దేని మీదికి పోవాలి, అది ముందే నిర్ణయించుకోవాలి అని చెప్పింది. దీన్నే వరస అంటామంది. ఆ మాట వినగానే రాజేశానికి ప్రాణం లేచొచ్చింది. ఇది తనకు తెలిసిన విషయమే కదా అని చెయ్యి లేపాడు.

"మా కార్డుల్ల గూడ వరస ఉంటది మేడం. పైన దేవుడు. దేవుని కింద తాత పేరు. తాత లేకపోయినా తాత పేరే ముందు, కీర్తిశేషులు అని పెట్టి. ఆయన కింద అమ్మా నాయిన."

"మరి పెళ్ళికూతురు ఎక్కడ వస్తది రాజేశం గారు?" అని అడిగింది భవ్య.

"సగం కిందికి మేడం."

క్లాసంతా గొల్లుమంది. భవ్య కూడా నవ్వింది. రాజేశం కూడా నవ్వి కూర్చున్నాడు గానీ, చెవులు ఎర్రబడ్డాయి. తన ఇరవై రెండేళ్ళ చదువు ఒక్క నిమిషంలో నవ్వులాటైపోయింది. ఇక మీదట క్లాసులో షాపు సంగతి ఎత్తకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాడు. ఎంత గట్టిగా అనుకున్నాడంటే, షాపులో నేర్చుకున్నదంతా మూట కట్టి మెట్ల కిందే పెట్టి పైకెక్కేవాడు.

కానీ ఒక మాట చెప్పుకోవాలి. ఆ చదువు అతనికి నచ్చింది. నచ్చడమంటే మామూలుగా కాదు, పిచ్చిగా నచ్చింది. నల్ల కాగితాన్ని చదరాలుగా కత్తిరించి తెల్ల కాగితం మీద అంటించమన్నారు. ఒక చదరం పడిపోతున్నట్టు కనిపించాలి, ఇంకొకటి నిద్రపోతున్నట్టు కనిపించాలి, రెండు కలిసినప్పుడు ఒకదాన్ని ఇంకొకటి తోసేస్తున్నట్టు ఉండాలి. కుర్రాళ్ళు అరగంటలో అంటించి ఫోన్లు తీశారు. రాజేశం మూడు ఆదివారాలు ఇంట్లో నేల మీద బోర్లా పడుకుని ఆ ముక్కల్ని అటూ ఇటూ జరుపుతూ గడిపాడు.

"ఏందయ్యా ఇంట్ల ఈ నల్ల ముక్కలు? ఊడ్వనీకి వస్తలేదు" అంది పద్మ.

"జర ఆగు. ఇగో, గీ ముక్కను చూడు. నిద్రపోతున్నట్టు లేదా?"

పద్మ వంగి చూసింది. "నీకే నిద్ర లేక అట్ల కనిపిస్తుంది" అని చీపురు పక్కన పెట్టి వెళ్ళిపోయింది. అయినా ఆ ముక్కల మీద నుంచి దాటలేదు, చుట్టూ తిరిగి వెళ్ళింది.

అన్నిటికంటే అతన్ని పట్టుకున్న పాఠం ఖాళీ గురించి. "ఖాళీ అంటే మిగిలిపోయిన జాగా కాదు. మీరు కావాలని వదిలిన జాగా. అక్షరం ఎంత పని చేస్తదో ఖాళీ కూడా అంత పని చేస్తది" అని చెప్పింది భవ్య. రాజేశం నోట్‌బుక్కులో రాసుకుని కింద గీత గీసుకున్నాడు. ఇన్నేళ్ళూ కార్డులో రవ్వంత జాగా కనిపిస్తే చాలు, ఒక పువ్వో, కలశమో, సన్నాయి ఊదే మనిషో తెచ్చి కూర్చోబెట్టాడు. ఖాళీ ఉంటే కస్టమరు డబ్బులు దండగైనట్టు మొహం పెట్టేవాడు మరి.

అక్కడి నుంచే మొదలైంది అసలు పరేషాన్. పొద్దున రాంనగర్ నుంచి అశోక్ నగర్ మీదుగా షాపుకు నడిచి వస్తుంటే, దారి పొడుగునా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు. రోజూ చూసేవే. ఇప్పుడు మాత్రం చూడలేకపోయాడు. ఒక్క ఫ్లెక్సీ మీద అరవై నాలుగు మొహాలు, ఏడు రకాల అక్షరాలు, పసుపు మీద ఎరుపు, ఎరుపు చుట్టూ తెలుపు, మూల మూలకూ ఫోన్ నంబర్లు. కళ్ళు మండిపోయాయి. వాటిలో ఒకటి రెండేళ్ళ కింద తాను చేసిందే. దాని కింద నిలబడి హాస్టల్ పిల్లలు చాయ్ తాగుతుంటే, దొంగలా తలదించుకుని పక్క సందులోకి తిరిగాడు.

షాపులోనూ అదే బాధ. పాత శాంపిల్ ఆల్బం తెరిస్తే సిగ్గేసేది. కస్టమరు వచ్చి "ఇంకో రెండు ఏనుగులు పెట్టన్నా" అంటే చెయ్యి ఆడేది కాదు. పని మెల్లబడింది. జగన్నాథరావు అద్దాల మీంచి చూడటం మొదలుపెట్టాడు. చదువు కన్ను తెరిపించింది నిజమే. ఆ తెరిచిన కన్నుతో ఈ కుర్చీలో కూర్చోవడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అలాంటి రోజుల్లో జగదీశ్వర్ గారు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. అశోక్ నగర్‌లో సొంత ఇల్లు, కరెంటాఫీసులో చేసి రిటైరైన మనిషి. కూతురు రచన గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తోంది, ఆమెకే పెళ్ళి. రచన అరగంట సేపు ఆల్బంలన్నీ తిరగేసింది. "అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి డాడీ, పోదాం" అంది. జగన్నాథరావు మొహం మాడిపోయింది. రాజేశం వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం రాజేశానికి తెలుసు.

రాజేశం సంచీలోంచి ఒక కార్డు తీశాడు. క్లాసులో చేసిన అసైన్‌మెంటు. మందపాటి తెల్ల అట్ట. ఎడమ పక్కన, నడుముకు కొంచెం కిందుగా, చిన్న నల్ల అక్షరాల్లో రెండు పేర్లు. వాటి కింద వెంట్రుకంత గీత, గీత కింద తేదీ. మిగతాదంతా ఖాళీ. మ్యాటరంతా, తాతల పేర్లతో సహా, లోపలి మడతలో ఒక పక్కకు వరసగా సర్దుకుని ఉంది.

రచన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మడత తెరిచి, మళ్ళీ మూసింది. తర్వాత, "అంకుల్, ఇది మీరే చేసిండ్రా?" అని అడిగింది.

ఇరవై రెండేళ్ళలో ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. కార్డు ఎవరో ఒకరు చేస్తారని కూడా ఎవరికీ తోచేది కాదు. రాజేశం తల ఊపాడు.

జగదీశ్వర్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "జర ఖాళీగుంది గద రాజేశం?"

"ఆ ఖాళీ కావాలనే పెట్టిన సార్" అన్నాడు రాజేశం. కస్టమరుకు ఎదురు చెప్పడం అతని జన్మలో అదే మొదలు. లోపలి మడతలో సన్నటి నల్ల గీతలతో ఒక వినాయకుడిని పెడతానని ఒప్పుకున్నాడు. ఐదు వందల కార్డులకు ఆర్డరు ఖాయమైంది. జగన్నాథరావు ఆ సాయంత్రం తనే చాయ్ తెప్పించి, "అట్లనే చెయ్యి ఇగ, నీ కంప్యూటర్ నీకే ఉంటది" అన్నాడు. రాజేశం ఇంటికెళ్ళి పద్మకు ఆ మాట మూడుసార్లు చెప్పాడు.

కార్డులు ప్రింటై వచ్చాయి. వాళ్ళ షాపులో ఒక ఆనవాయితీ ఉంది. కట్ట కస్టమరు చేతికిచ్చే ముందు, కార్డులను విసనకర్రలా పరిచి, నాలుగు మూలలా పసుపు తగిలించి ఇస్తారు. ఆ పని ఎప్పుడూ రాజేశమే చేసేవాడు. జగన్నాథరావు పసుపు గిన్నె తెచ్చి పెట్టాడు. రాజేశం కార్డుల వైపు చూశాడు. పాలమీగడలాంటి ఆ తెలుపు. దాని మీద పసుపు మరక పడితే ఖాళీ ఖాళీగా ఉండదు, కన్ను మూలకు పోతుంది, పేర్ల మీద నిలవదు.

"ఈసారి వద్దు సార్. తెలుపు ఖరాబైతది" అన్నాడు.

"అట్లెట్ల?" అన్నాడు జగన్నాథరావు.

"వద్దు అంకుల్, ఇట్లనే బాగుంది" అంది రచన. జగదీశ్వర్ కాసేపు గొణిగి, దేవుడి దగ్గర పెట్టేదానికి ఇంట్లో పసుపు పెట్టుకుంటాంలే అని కట్టలు తీసుకుని వెళ్ళాడు. గిన్నె మళ్ళీ లోపలికి పోయింది.

పది రోజులకు జగదీశ్వర్ ఒక్కడే వచ్చాడు. కేకలు వేస్తాడేమో అనుకునే మొహం కాదు అది. కౌంటరు మీద కార్డు పెట్టాడు, రెండు ముక్కలు. అడ్డంగా చింపిన ముక్కలు.

"మా పెద్దమ్మ ఎల్లవ్వ అని ఉంటది. ఊర్ల. నన్ను సాది పెంచిందే ఆమె" అని మొదలుపెట్టాడు. "మా బామ్మర్ది కార్డులు పంచుకుంట పోయిండు. ఆమె ఇంట్ల లేకుంటే గడప బయట అరుగు మీద పెట్టి పక్కూరికి పోయిండు. ఆమె పొలం కాడికెళ్ళి వచ్చి చూసింది. చదువు రాదు. తెల్ల అట్ట, నల్ల అక్షరం, పసుపు లేదు, గడప బయట పెట్టి పోయిండ్రు."

రాజేశానికి అర్థమైపోయింది. ఇంక చెప్పనక్కర్లేదు. కానీ జగదీశ్వర్ చెప్పాడు.

"పట్నం నుంచి వచ్చిందంటే నేనే పోయిన అనుకుంది. చింపి పారేసి, బాయి కాడ తలకు నీళ్ళు పోసుకుంది రాజేశం. తడి బట్టలతోని వాకిట్ల కూసోని ఏడుస్తుంటే పక్కింటోళ్ళు నాకు ఫోన్ చేసిండ్రు. నా పేరు పెట్టి ఆమె ఏడుస్తుంటే నేను ఫోన్ల విన్న."

చావు కార్డు ఎలా ఉంటుందో రాజేశానికి ఒకరు చెప్పాలా? దశదిన కర్మ కార్డులు ఇదే కుర్చీలో కూర్చుని వేలకు వేలు కొట్టాడు. రంగు ఉండకూడదు, పువ్వు ఉండకూడదు, పసుపు గాలి కూడా తగలకూడదు. దాన్ని ఎవరూ గడప లోపలికి తీసుకోరు, చదివి అక్కడే చింపేస్తారు. చిక్కడపల్లిలో ఏ పసిపిల్లకు తెలియకపోయినా అతనికి తెలుసు. ఎన్నోసార్లు కొత్త కస్టమర్లను తనే హెచ్చరించాడు, పెళ్ళికార్డుకు ఉత్త నలుపు వద్దమ్మా అని. ఆ ముక్క అతనికి ఎలా మతిలోంచి పోయిందో దేవుడికెరుక. ఎలా పోయిందో అతనికీ తెలుసు. నవ్వులపాలైన రోజు మెట్ల కింద పెట్టిన మూటలోనే అదీ ఉండిపోయింది.

"పెండ్లి కార్డు అని చెప్పినం. విన్నది. ఒక్కసారి నీ పేరు మీద నీళ్ళు పోసుకున్నంక ఆ పెండ్లికి నేను రాను బిడ్డ అన్నది. పిల్లగాని దిక్కు వాళ్ళకు గూడ తెలిసింది" అని ఆగాడు జగదీశ్వర్. "నువ్వు కావాలని చెయ్యలే. నాకు తెలుసు. వేరే కార్డులు కొట్టియ్యి."

తిట్టి ఉంటే బాగుండేది. రాజేశం ఆ రెండు ముక్కలూ తీసి సొరుగులో పెట్టాడు. జగదీశ్వర్ వెళ్ళాక కంప్యూటర్ ముందు కూర్చుని పాత ఫైలు తెరిచాడు. ఎర్రటి అట్ట, బంగారు రంగు వినాయకుడు, రెండు వైపులా అరటి చెట్లు, పైన శ్రీరస్తు, కింద సన్నాయి. పేర్లు మార్చాడు. చేతులు వాటంతట అవే కదిలాయి. ముప్పై నిమిషాల్లో అయిపోయింది.

జగన్నాథరావు వెనక నిలబడి అంతా చూశాడు. కోపంగా లేడు. జేబులోంచి ఫోన్ తీసి, ఏదో యాప్ తెరిచి, అలాంటి కార్డే, అవే అరటి చెట్లు, పేర్లు నింపుకునే ఖాళీ గళ్ళతో చూపించాడు. "పాతది ఈ ఫోన్లనే దొరుకుతది. కొత్తది నువ్వు చేస్తే ఇట్లైంది. నేనేం చెయ్యాలె చెప్పు" అన్నాడు. అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఈ నెలాఖరు వరకు ఉండమన్నాడు.

ఆ వారమే క్లాసులో ఫలితాలు చెప్పారు. తెల్లకార్డుకు అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టాక, భవ్య ఒక్కతే ఉన్నప్పుడు రాజేశం జరిగింది చెప్పాడు. ఆమె నిజంగానే బాధపడింది. "అయ్యో. కానీ మీ డిజైన్‌ల తప్పు లేదు రాజేశం గారు" అంది.

"ఉన్నది మేడం" అన్నాడు రాజేశం. "చూసేటోళ్ళ కన్ను ఏడికి పోవాలో ఆలోచించిన. ఆ కన్ను ఇంతకుముందు ఏమేం చూసిందో ఆలోచించలే." భవ్య ఆ మాటను తన పుస్తకంలో రాసుకుంది. వచ్చే బ్యాచ్‌కు చెబుతుంది కాబోలు. ఉద్యోగాల సంగతి అడిగితే, ఆమె బల్ల మీద పెన్ను సర్దుతూ, కంపెనీలు ఇరవై ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళనే పంపమంటున్నాయని చెప్పింది. అతను సరేనని మెట్లు దిగాడు. ఏడుపొచ్చింది. నారాయణగూడ చౌరస్తాలో జనం మధ్య నిలబడి ముఖం తుడుచుకున్నాడు, ఎవరూ చూడలేదు.

కొత్త కార్డులు తీసుకోవడానికి రచన వచ్చింది. జగన్నాథరావు బయటికెళ్ళాడు. రాజేశం నాలుగు మూలలా పసుపు తగిలించిన కట్టలు తెచ్చి ముందు పెట్టాడు. ఆమె ఒక కార్డు తీసి, లోపల తన పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకుని మూసేసింది. వెళ్ళబోయి ఆగింది.

"చెప్పు బిడ్డా" అన్నాడు రాజేశం.

"ఇంట్ల అందరు నన్నే అంటున్నరు అంకుల్. నువ్వే పట్టుబట్టినవ్ అని. నిజమే, నాకే నచ్చింది. కానీ చావు కార్డు నేను ఎప్పుడు చేత్తోని పట్టుకోలె. నాకు తెల్వదు." గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "మీకు తెలుసు గద?"

చెప్పడానికి రాజేశం దగ్గర ఆరు నెలల పాఠాలున్నాయి. ఒక్కటి కూడా ఈ ప్రశ్నకు జవాబు కాదు.

"తెలుసు బిడ్డా" అన్నాడు.

రచన తల ఊపింది. "బాపమ్మ రానంటుంది పెండ్లికి" అని చెప్పి, కట్టలు చంకన పెట్టుకుని మెట్లు దిగింది. రాజేశం లేచి షట్టరు దాకా వెళ్ళాడు. ఆమె స్కూటీ మీద కట్టలు సర్దుకుని, తాడు బిగించి, అశోక్ నగర్ వైపు తిప్పింది. ఆమె మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి పసుపు గిన్నెకు మూత పెట్టాడు.